మా పేర్లు మీ రిజిస్టర్‌లోనే ఉన్నాయి

ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖకు, గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల ముఖ్య వైద్యాధికారులకు, పర్లాకిమిడి నుంచి ఒక తల్లి రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నలభై మూడేళ్ల వయసులో నాకు మొదటి బిడ్డ పుట్టింది. ఐవీఎఫ్ చికిత్సతో, అంటే అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబులో కలిపి పిండాన్ని గర్భాశయంలో పెట్టే పద్ధతితో పుట్టింది. ఆడపిల్ల. ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తోంది. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు, మా వీధిలో అందరికీ తెలుసు. నేను రాస్తున్నది ఆ సంతోషం గురించి కాదు. ఆ బిడ్డ ముప్పై, ముప్పై రెండేళ్లకే నా ఒళ్లోకి రావాల్సింది. మధ్యలో పోయిన ఏళ్లు పోవాల్సినవి కావు. మా జిల్లా ఆసుపత్రిలో ఉన్న యంత్రంతో, ఉన్న మనుషులతో, అరగంటలో అయ్యే పరీక్ష ఒక్కటి చేసి ఉంటే అవి మిగిలేవి. మా వెనక వస్తున్న ఆడపిల్లలకైనా ఆ పరీక్ష సమయానికి జరగాలని అడగడానికే ఈ ఉత్తరం.

ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎం, అంటే నర్సమ్మ దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది. ఎలిజిబుల్ కపుల్ రిజిస్టర్ అంటారు. పెళ్లై, భార్యకు పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల మధ్య వయసున్న ప్రతి జంట పేరూ అందులో ఉంటుంది. పిల్లలెంతమంది, చివరి బిడ్డకు ఎన్నేళ్లు, మాత్ర వాడుతున్నారా, కాపర్-టీ వేయించుకున్నారా, ఆపరేషన్ అయిందా, అన్నీ రాస్తారు. 1952లో దేశంలో కుటుంబ నియంత్రణ మొదలైనప్పటి నుంచి ఈ పని ఎంత పట్టుదలగా జరిగిందో మా అమ్మ కాలం నుంచి చూస్తున్నాం. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఆశా దీదీ ఆపరేషన్ గురించి చెప్పడానికి వస్తుంది. పెళ్లై ఆరేళ్లైనా ఒక్క బిడ్డా లేని మా ఇంటికీ ఆమె వచ్చేది. పిల్లల గడిలో సున్నా వేసుకుని వెళ్లిపోయేది. ఆమెను తప్పుపట్టడం లేదు. ఆ సున్నా చూశాక ఏం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మీరు.

వైద్యశాస్త్రం లెక్క సులువైనదే. ఏ అడ్డూ పెట్టకుండా ఏడాది పాటు కాపురం చేసినా గర్భం రాకపోతే పరీక్షలు చేయాలి. భార్య వయసు ముప్పై ఐదు దాటితే ఆరు నెలలకే చేయాలి. పేరు, వయసు, పెళ్లైన సంవత్సరం, పిల్లల సంఖ్య, అన్నీ మీ రిజిస్టర్‌లోనే ఉన్నాయి. కొత్త సర్వే అక్కర్లేదు.

నా సంగతి చెప్తాను. ఇరవై ఏడేళ్లకు పెళ్లైంది. రెండేళ్లు గడిచేసరికి పేరంటాల్లో మొదలైంది. "ఏటమ్మా, ఇంకా ఇశేషం నేదా?" అని అడిగేవారు. తర్వాత అడగడం మానేశారు, పిలవడమూ తగ్గించారు. మరదలి సీమంతానికి నన్ను వంటింట్లో ఉంచేశారు. మొక్కని దేవుడు లేడు. శ్రీముఖలింగం వెళ్లాం, అరసవల్లి వెళ్లాం, రాయగడ మజ్జిగౌరమ్మకు మొక్కుకున్నాం. భక్తితోనే వెళ్లాను, ఇప్పుడూ వెళ్తాను. కానీ దేవుడి దగ్గరికి వెళ్లమని నాకు వంద మంది చెప్పారు, ఎక్స్‌రే తీయించుకోమని ఒక్కరూ చెప్పలేదు. డాక్టర్ల దగ్గరికీ వెళ్లాం. ఒకరు విటమిన్ మాత్రలిచ్చారు. ఒకరు బరువు తగ్గమన్నారు. ఇంకొకరు అండం విడుదలకని నెలనెలా మాత్రలు రాశారు. అలా ఏళ్ల తరబడి రాశారు. అండం గర్భాశయానికి చేరే ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూడకుండా అండం కోసం మాత్రలు రాస్తే ఏం లాభం? అండం ఎంత చక్కగా విడుదలైనా దారి మూసుకుపోతే అది ఎక్కడికి వెళ్తుంది?

ముప్పై ఎనిమిదో ఏట విశాఖలో ఒక డాక్టరమ్మ హెచ్‌ఎస్‌జీ చేయించమంది. గర్భాశయంలోకి రంగు మందు పంపి ఎక్స్‌రే తీస్తారు. కాసేపు నొప్పి ఉంటుంది, అరగంటలో అయిపోతుంది. రెండు ట్యూబులూ మూసుకుపోయి ఉన్నాయి. ఎప్పుడో వయసులో ఉండగా వచ్చిన టీబీ వల్ల కావచ్చు అంది. నాకు ఎన్నడూ దగ్గు లేదు. గర్భాశయానికి, ట్యూబులకు వచ్చే టీబీకి దగ్గు ఉండక్కర్లేదని, మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి అదొక పెద్ద కారణమని ఆ రోజే తెలిసింది. టీబీ మందు దేశమంతటా ఉచితంగా ఇస్తున్నారు. ఆ జబ్బు గర్భాశయంలోనూ దాక్కుంటుందని మాత్రం మా వైపు ఆడవాళ్లకు ఎవరూ చెప్పరు.

అసలు ఐవీఎఫ్ పుట్టిందే ట్యూబులు మూసుకుపోయిన వారి కోసం. 1978 జులై 25న ఇంగ్లండులో పుట్టిన లూయీస్ బ్రౌన్ ప్రపంచంలో తొలి ఐవీఎఫ్ బిడ్డ. ఆమె తల్లికీ ట్యూబులే మూసుకుపోయాయి. అంటే నా సమస్యకు మందు నా చిన్నతనంలోనే దొరికింది. సమస్య ఏమిటో తెలియడానికే నాకు అన్నేళ్లు పట్టింది.

ఆ ఏళ్ల విలువ ఎంతో ఇంకా తెలియని చెల్లెళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను, వైద్యాధికారులకు తెలిసినదే అయినా. ఆడపిల్ల తన జీవితానికి సరిపడా అండాలతోనే పుడుతుంది. తర్వాత కొత్తవి తయారు కావు. వయసుతో పాటు వాటి సంఖ్యా తగ్గుతుంది, నాణ్యతా తగ్గుతుంది. ముప్పై ఐదు తర్వాత తగ్గుదల వేగం పెరుగుతుంది. నలభై మూడు దాటాక సొంత అండాలతో ఐవీఎఫ్ చేస్తే ఒక విడతలో బిడ్డ పుట్టే అవకాశం నూటికి ఐదు కూడా ఉండదు. ఆ వయసులో ఐవీఎఫ్‌తో తల్లులైన వారిలో ఎక్కువ మంది వయసులో చిన్నవారైన దాతల అండాలతోనే అయ్యారు. ఈ మాట ఎవరూ పైకి చెప్పరు. పేపర్లో ఫొటో చూసి "ఆమెకు నలభై ఆరేళ్లకు పుట్టింది కదా, నాకింకా టైముంది" అనుకుని ఆగేవాళ్లు ఆగుతూనే ఉంటారు. మా పాప ఎవరి అండంతో పుట్టిందన్న వివరం ఇక్కడ రాయను. అది దాని సొత్తు. పెద్దయ్యాక ముందుగా దానికే చెప్తాను. కానీ ముప్పై ఏళ్ల అమ్మాయి ఎవరైనా నన్ను చూసి ధైర్యంగా ఆలస్యం చేస్తే అది నాకు ఇష్టం లేదు. వంద టెన్షన్లు పడి, మా ఆయన ఎరువుల కొట్టు తాకట్టు పెట్టి, 2020 లాక్‌డౌన్‌లో సరిహద్దు మూసేస్తే చికిత్స ఆగిపోయి, నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే దక్కిన బిడ్డ ఇది.

వయసు పరిమితి గురించి కూడా ఒక మాట. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన మహిళ ఐవీఎఫ్‌తో కవలలను కన్నప్పుడు దేశమంతా చెప్పుకుంది. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ఆడవారికి 21 నుంచి 50, మగవారికి 21 నుంచి 55 ఏళ్లుగా పరిమితి పెట్టింది. అది సరైనదేనని నేను అనుకుంటాను. నలభై మూడులోనే నా ఒంటికి ఎంత కష్టమైందో నాకు తెలుసు. బిడ్డ ఇరవై ఏళ్లదయ్యేసరికి నాకు అరవై మూడు వస్తాయి. ఆ లెక్క మేమిద్దరం కూర్చుని వేసుకున్నాకే ముందుకు వెళ్లాం. కానీ చట్టం పైగీత ఒక్కటే గీస్తే చాలదు. ఆ గీత దాకా రాకుండానే పని అయ్యేలా చూడటం మీ బాధ్యత.

మగవారి పరీక్ష సంగతి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారి వైపు కూడా కారణం ఉంటుంది, ఒక్కటే కారణమైనా, కారణాల్లో ఒకటైనా. వీర్య పరీక్ష అన్నిటికంటే చౌక, అన్నిటికంటే సులువు, ఏ నొప్పీ లేదు. అయినా మా వైపు ముందు భార్యకు సూది పడుతుంది, స్కాను పడుతుంది, ఎక్స్‌రే పడుతుంది. భర్తకు పరీక్ష చేయించమని అంటే ఇంట్లో గొడవ. మా ఆయన మంచివాడు, అడగ్గానే చేయించుకున్నాడు. అలా చేయించుకోని ఇళ్లు నాకు తెలుసు. పరీక్ష లేకుండానే భార్యది లోపమని తేల్చి రెండో పెళ్లి చేసుకున్నవారూ తెలుసు. రెండో భార్యకూ పిల్లలు కలగలేదు. భార్యాభర్తల పేర్లు రెండూ ఒకే చీటీ మీద రాసి, మొదటి రోజే ఇద్దరికీ పరీక్షలు చేయాలని మీ శాఖ నిబంధన పెడితే ఈ గొడవ ఇంట్లో జరగదు, ఆసుపత్రిలోనే తేలిపోతుంది. డాక్టరు మాటకు మా మగవాళ్లు విలువిస్తారు, భార్య మాటకు ఇవ్వకపోయినా.

ఇక చికిత్స. ఒక విడతకు ప్రైవేటులో మేం అడిగిన చోటల్లా లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా చెప్పారు. ఆయుష్మాన్ కార్డులో సంతాన చికిత్సలకు చోటు లేదు, వాటిని మినహాయింపుల్లో పెట్టారు. డబ్బు ఒక బాధ, దూరం ఇంకో బాధ. దాదాపు పది పన్నెండు రోజులు రోజూ ఒకే వేళకు ఇంజెక్షన్ పడాలి. కొన్ని మందులు ఫ్రిజ్ చల్లదనంలోనే ఉండాలి. రెండు మూడు రోజులకోసారి స్కాను చేసి అండాలు ఎంత పెరిగాయో చూస్తారు. చివరి ఇంజెక్షన్ చెప్పిన గంటకే పడాలి, ఎందుకంటే సరిగ్గా దాని తర్వాత 34 నుంచి 36 గంటల మధ్య అండాలు తీయాలి. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉండే ఆడమనిషి రాత్రి పది గంటలకు ఈ ఇంజెక్షన్ ఎవరి చేత వేయించుకుంటుంది? అందుకే అందరూ విశాఖలో గది అద్దెకు తీసుకుని కూర్చుంటారు. కూలిపని వాళ్లకు, దుకాణం మీద బతికేవాళ్లకు ఆ రోజుల సంపాదన పోతుంది. ఈ ఇంజెక్షన్లు జిల్లా ఆసుపత్రిలో వేయలేరా? ఆ స్కాన్లు అక్కడ తీసి చికిత్స చేస్తున్న డాక్టరుకు పంపలేరా? ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు. ఇంజెక్షన్ల తర్వాత కొందరికి కడుపు విపరీతంగా ఉబ్బి, ఒంట్లో నీరు చేరి, ఊపిరి అందకుండా వస్తుంది. ప్రమాదకరమైనది. అలా వచ్చిన మనిషిని గ్యాస్ అని పంపేయకుండా గుర్తుపట్టేలా రాత్రి డ్యూటీ డాక్టరుకు నేర్పించండి.

చికిత్స మొదలుపెట్టే ముందు ఎంతవరకు ఫలించే అవకాశం ఉంది, ఎంత ఖర్చు, ఏ దుష్ప్రభావాలు ఉంటాయి, కవలలు వస్తే ఏ ప్రమాదాలు, అన్నీ దంపతులకు విడమరిచి చెప్పాలని ఆ 2021 చట్టమే అంటుంది. రాతపూర్వక సమ్మతి ఉండాలంటుంది. ఫిర్యాదుల విభాగం ఉండాలంటుంది. దాత అండంతో పుట్టిన బిడ్డ కూడా చట్టం ముందు ఆ దంపతుల సొంత బిడ్డే, దాతకు ఏ హక్కూ ఉండదంటుంది. ఎంత మంచి మాటలు! నేను వెళ్లిన ఒక క్లినిక్‌లో ఇంగ్లిషు కాగితాల కట్ట ముందు పెట్టి, పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోటల్లా సంతకం పెట్టమన్నారు. ఏముందని అడిగితే "అందరూ పెట్టేదే అమ్మా" అన్నారు. నేను కాస్త చదువుకున్నదాన్ని కాబట్టి ఇంటికి తీసుకెళ్లి చదువుతానన్నాను. చదవలేని వాళ్ల సంగతి? మన సరిహద్దు జిల్లాల్లో ఒడియా చదివేవారు, తెలుగు చదివేవారు, ఇంట్లో సవర మాట్లాడి ఏ అక్షరమూ చదవని వారు, అందరూ ఉన్నారు. రాష్ట్రంలో రిజిస్టరైన ప్రతి క్లినిక్‌లో సమ్మతి పత్రం ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలని, సవర, కువి మాట్లాడేవారికి వారి భాషలో చదివి వినిపించాలని మీరు ఆదేశించగలరు. విశాఖ క్లినిక్‌లు మీ కింద లేవు, నాకు తెలుసు. కానీ మన జిల్లా ఆసుపత్రిలో కూర్చుని ఆ కాగితం చదివి చెప్పే ఒక కౌన్సెలరు ఉంటే చాలు. క్లినిక్‌ల తరఫున ఊళ్లో తిరిగే ఏజెంట్లకు అప్పుడు పని తగ్గుతుంది.

"ఇవన్నీ పెద్ద నగరాల వైద్యం, వెనకబడిన జిల్లాలకు ఎందుకు" అనే మాట నేను అధికారుల నోట విన్నాను. అయ్యా, భారతదేశపు తొలి ఐవీఎఫ్ బిడ్డ 1978 అక్టోబరు 3న కలకత్తాలో పుట్టింది, లూయీస్ బ్రౌన్ పుట్టిన 70 రోజులకే. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతిలో ఉన్న పరికరాలు ఏమంత గొప్పవి కావు. ఆయన మాట ప్రభుత్వం నమ్మలేదు. విచారణ కమిటీ వేసి అవమానించింది, తర్వాత కళ్ల వైద్య సంస్థకు బదిలీ చేసింది. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఇంగ్లండులో అదే పని చేసిన రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ వచ్చింది. ఈ పని మన దేశపు తూర్పు వైపు చేయలేనిది ఎన్నడూ కాదు. ఆరోగ్య శాఖ చెవిన పెట్టకపోవడమే అప్పుడు అడ్డమైంది. ఇప్పుడు ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐవీఎఫ్ ఉంది, గోవా ప్రభుత్వ వైద్య కళాశాలలో ఉచితంగా మొదలుపెట్టారు, సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో కేంద్రం తెరిచారు. మనకు బరంపురంలో 1962 నుంచి ఎంకేసీజీ వైద్య కళాశాల ఉంది. అది మా పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీదే ఉంది. దక్షిణ ఒడిశా అంతటికీ అదే పెద్దాసుపత్రి. అక్కడ పూర్తి స్థాయి ఐవీఎఫ్ విభాగం, పేదలకు ఉచితంగా, నడవాలని అడుగుతున్నాను. కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ కళాశాలలో కనీసం ఐయూఐ దాకా, అంటే భర్త వీర్యాన్ని శుద్ధి చేసి గర్భాశయంలోకి పంపే చికిత్స దాకా.

ఇంకో వాదన కూడా ఉంది. మలేరియా ఉంది, రక్తహీనత ఉంది, కాన్పుల్లో తల్లులు చనిపోతున్నారు, ముందు అవి చూడాలి కదా అంటారు. ఇది న్యాయమైన మాటే, కాదనను. కానీ నేను అడుగుతున్న మొదటి మెట్టుకు వాటి డబ్బు తీయక్కర్లేదు. అదే ఎక్స్‌రే గది, అదే స్కాను, అదే ల్యాబు. పైగా సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఎక్కువగా ఉన్న జిల్లాలు మనవి. పిల్లల కోసం వచ్చిన ప్రతి జంటకు ఆ రక్తపరీక్ష కూడా చేస్తే బిడ్డ పుట్టకముందే తెలుస్తుంది. నాకు విశాఖ వెళ్లే దారైనా ఉంది. సెరంగో కొండల్లో ఉండే సవర ఆడబిడ్డకు ఆ దారీ లేదు. పిల్లలు లేని ఆడదాన్ని ఊరు ఎంత చులకన చేస్తుందో కొండ మీదైనా, కింద అయినా ఒక్కటే.

గర్భం నిలిచాక ఏం జరిగిందో కూడా చెప్పాలి. నలభై దాటిన గర్భానికి బీపీ, షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. నాకు షుగర్ వచ్చింది, ఇన్సులిన్ పెట్టుకున్నాను. ఒక రాత్రి రక్తం కనిపిస్తే భయపడి దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి పరుగెత్తాం. "ఐవీఎఫ్ కేసా? మేం చూడం, చేసిన చోటికే పొండి" అన్నారు. బీపీ కూడా చూడలేదు. ఆ మాట అన్నవారు చెడ్డవారని అనను. భయపడ్డారు. ఏమైనా జరిగితే తమ మీదకు వస్తుందనుకున్నారు. కానీ కడుపులో బిడ్డ ఎలా వచ్చిందన్నది రక్తస్రావానికి తెలుసా? 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా పరీక్ష చేస్తున్నారు. చాలా మంచి కార్యక్రమం, నేనూ వెళ్లాను. ఐవీఎఫ్ గర్భిణులను, నలభై దాటిన గర్భిణులను ఆ రోజు హైరిస్క్ కింద తప్పనిసరిగా చూడాలని, ఏ రాత్రి వచ్చినా వెనక్కి పంపకూడదని రాతపూర్వక ఆదేశం ఇవ్వండి.

అలాగే, నెలలో ఇంకొక రోజు పిల్లలు కలగని జంటల కోసం పెట్టండి. ఏ తేదీ అయినా సరే, మారకుండా ఉంటే చాలు. ఆ రోజు భార్యాభర్తలు కలిసి రావాలి. వీర్య పరీక్ష, స్కాను, థైరాయిడ్, అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్, టీబీ అనుమానముంటే దాని పరీక్ష, ట్యూబుల ఎక్స్‌రే. ఏఎంహెచ్ జిల్లాలో చేయలేకపోతే రక్తం తీసి బరంపురం పంపండి. అండం మాత్రలు ఎన్ని నెలలు వాడి చూడాలి, ఎప్పుడు ఆపి పైకి పంపాలి అన్నది చీటీ మీదే రాయాలి. ఏళ్ల తరబడి అవే మాత్రలు ఇవ్వడం ఆగాలి. ఇప్పుడు చెప్పేది అన్నిటికంటే ముఖ్యం. ఆ రిజిస్టర్‌లో పిల్లల గడిలో సున్నా ఉన్న ప్రతి ఇంటికీ ఆశా దీదీ ఆ తేదీ చెప్పి రావాలి, తలుపు దగ్గర అరవకుండా, అత్తగారి ముందు కాకుండా, ఇద్దరినీ కూర్చోబెట్టి. ఇందుకు ఆమెకు శిక్షణ ఇవ్వండి, పని చేసినందుకు డబ్బూ ఇవ్వండి.

మా పక్క వీధిలో ఒక అమ్మాయి ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు, పెళ్లై నాలుగేళ్లు. ఏఎన్ఎం రిజిస్టర్‌లో ఆమె పేరు ఉంది, సున్నా ఉంది. మొన్న వచ్చి "అక్కా, ఎక్కడికి వెళ్లమంటావు?" అని అడిగింది. విశాఖ డాక్టరు పేరు చెప్పి పంపడానికి నాకు మనసు ఒప్పలేదు, వాళ్లది కూలి బతుకు. జిల్లా ఆసుపత్రిలో ఏ రోజు, ఏ గదికి, ఎవరి దగ్గరికి వెళ్లాలో ఒడియాలోనూ తెలుగులోనూ రాసి ఆసుపత్రి గోడ మీద పెట్టించండి. వచ్చే నెలలో ఆమెను, ఆమె భర్తను నేనే వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు
పర్లాకిమిడి, గజపతి జిల్లా నుంచి
ఒక తల్లి